అమావాస్యనాడు మగ్గం సద్దు

నీకు ఏ పండుగ ఇష్టమని ఉరుకుందప్పను అడిగితే అమావాస్య అంటాడు. అది పండుగ కాదు కదా అంటే, "అంగడికి పోకుండా అయ్యే పండగ అదొక్కటే గదప్పా" అంటాడు.

ఎమ్మిగనూరులో మాది నేతవాళ్ళ వీధి. ఉరుకుందప్ప ఇల్లు మా ఇంటికి ఎదురుగా ఉంటుంది. మేమిద్దరం ఒకే వయసులో మగ్గం గుంటలోకి దిగి నేత మొదలుపెట్టాం. నేను నడుం నొప్పి సాకు చెప్పి బయటికొచ్చి జిరాక్సు అంగడి పెట్టుకున్నాను. అతను రాలేదు. ఎందుకు రాలేదని ఎవరైనా అడిగితే, "వచ్చి ఏం చేసేది? హనుమన్న అంగడిలో ఒక్క మనిషి నిలబడేదానికే చోటు ల్యా" అని నన్ను చూపించి నవ్వుతాడు.

నేతవాళ్ళకు సెలవు ఆదివారం కాదు, అమావాస్య. ఆ రోజు పేక దారం నడిపే నాడెను ఎవరూ ముట్టరు. గుంట ఊడ్చి, మగ్గం తుడిచి, పసుపు కుంకుమ పెడతారు. టెంకాయ ఉంటే కొడతారు, లేకపోతే లేదు. ఆ రోజు నేస్తే ఏమవుతుందో మాత్రం ఎవరికీ సరిగ్గా తెలియదు. మగ్గానికీ ఒళ్ళు నొస్తుందని మా అవ్వ చెప్పేది. పితృదేవతల రోజని పూజారి చెప్పేవాడు. మనుషులు ఊరికే కూర్చుంటే బాగుండదని దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నారని నేతవాళ్ళ సొసైటీలో పనిచేసిన గుమాస్తా ఒకాయన చెప్పేవాడు. నాకైతే ఆ గుమాస్తా మాటే సబబుగా తోచేది.

ఉరుకుందప్పకు తన లెక్క వేరే ఉంది. అది అర్థం కావాలంటే అప్పటి మా వీధి సంగతి చెప్పాలి. ఇంటింటికీ మగ్గం, పొద్దు పొడిచింది మొదలు దీపాలు పెట్టేదాకా టకటకమని ఒకటే సద్దు. పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడాలన్నా అరవాలి. మా వీధివాళ్ళు గట్టిగా మాట్లాడతారని ఊరంతా పేరు. పెళ్ళిచూపుల్లో పిల్ల పేరేంటని మా మామ అడిగిన తీరుకు ఆ పిల్ల లోపలికి పరిగెత్తిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటి వీధి అమావాస్యనాడు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయేది. చేదబావిలో బొక్కెన పడిన సద్దు కూడా వీధి చివరిదాకా వినిపించేది.

ఉరుకుందప్ప కూతురు శివాని అలాంటి ఒక అమావాస్యనాడే మొదటిసారి "నాయనా" అన్నదట. "అంతకుముందే అన్యాదేమో, మగ్గం సద్దులో నాకు వినపల్యా. ఆ పొద్దు వినపడ్య. అమావాస్య ఏంటికంటే, ఇంట్లోవాళ్ళ మాట ఇనేదానికప్పా" అంటాడు. ఇది శాస్త్రంలో ఉందో లేదో నాకు తెలియదు. అతని భార్య చౌడమ్మ మాత్రం, "అట్లయితే నెలకొక్కసారే ఇంటాడు, మిగతా పొద్దులు ఇనకుండా ఉండేదానికి మగ్గం సాకు" అంటుంది.

ఇప్పుడు వీధిలో మగ్గాలు పలచబడ్డాయి. మామూలు రోజులు కూడా సగం అమావాస్యల్లా గడుస్తున్నాయి. అయినా అతను అమావాస్యను వదల్లేదు.

ఇక తక్కిన పండుగల సంగతి. నా చిన్నప్పుడు మా ఊళ్ళో ధన్‌తేరస్ అన్న మాటే లేదు. ఇప్పుడు వారం ముందు నుంచే ఫోన్లలో మోగుతుంది, ఆ రోజు వెండో బంగారమో కొనకపోతే లక్ష్మి అలిగి పోతుందన్నంత పని చేస్తారు. వరలక్ష్మీ వ్రతానికి అమ్మవారి ముఖం, జడ, చేతులు, కాళ్ళు అన్నీ కలిపి డబ్బాలో అమ్ముతున్నారు. మా ఆవిడ కూడా తెచ్చింది. చెంబుకు పసుపు రాసి బొట్టు పెడితే వచ్చే దేవత ఇన్నేళ్ళూ చేతులూ కాళ్ళూ లేకుండానే వచ్చిపోయిందా అని అడిగాను. ఆ పూట నాకు కాఫీ రాలేదు. ఉరుకుందప్ప నాకంటే తెలివైనవాడు, ఇంట్లో ఏమీ అనడు. నా అంగడికొచ్చి అంటాడు: "పండగ ఎప్పుడో పంచాంగం చెప్పేది పోయి అంగడోడు చెప్తాండాడు. ఏం జేసినావని ఎవురూ అడగరు, ఏం కొన్యావనే అడుగుతారు." పాత చీర కట్టుకున్న చౌడమ్మను చూసి వీధి ఆడవాళ్ళు "పండగనాడు కూడా పాత చీర, పాత మొగుడేనా" అని ఎకసెక్కాలాడితే, "ఈ మొగుడు నేసిందే గదా ఈ చీర, రెండూ చిరగల్యా ఇంకా" అని ఆమె బదులు చెబుతుంది.

పోయినేడు దీపావళి అలాంటి ఇంటికి మరో దారిలో వచ్చింది.

శివాని డిగ్రీ చదివి కర్నూలులో ఒక పెద్ద బట్టల మాల్‌లో పని చేస్తోంది. చీరల కౌంటరు. పొద్దున నిలబడితే రాత్రి మూసేదాకా నిలబడే ఉండాలి, కుర్చీ ఉండదు. పండుగలప్పుడు సెలవు అసలే ఉండదు. లోకానికి పండుగ అమ్మేవాళ్ళకే పండుగ దొరకదు. ఇంటికి వచ్చినప్పుడల్లా చౌడమ్మ ఆ పిల్ల కాళ్ళను ఒళ్ళో పెట్టుకుని ఆముదం రాస్తుంది. ఉరుకుందప్ప ఆ కాళ్ళు చూసి మగ్గం దగ్గరికి వెళ్ళిపోతాడు.

దీపావళికి ముందు శివాని ఇంటికొచ్చి విషయం చెప్పింది. వాళ్ళ మాల్‌లో పండుగనాడు మగ్గం పెట్టి, జనం చూస్తుండగా చీర నేయించాలనుకుంటున్నారు. మేనేజరు నాగార్జున ఈ పిల్లను పిలిచి, మీ నాయన నేస్తాడటగా, పిలిపించు అన్నాడు. పనైతే బిల్లింగుకు మారుస్తానన్నాడు. బిల్లింగులో కుర్చీ ఉంటుంది.

"ఆ పొద్దు అమావాస్య గదమ్మా" అన్నాడు ఉరుకుందప్ప. నేను అక్కడే గడప మీద కూర్చుని ఉన్నాను.

"నాకు తెలీదా నాయనా? క్యాలెండర్ సూసినా. అమావాస్య మధ్యాన్నం మీద వస్తాది. అంతవరకు నేసి నిలుపు. పొద్దున్నే మొదులు పెడితే సాలు."

పండుగేమో ఆ రోజే, తిథేమో మధ్యాహ్నం తర్వాత. ఈ సందు కనిపెట్టడం నేతవాళ్ళ పిల్లకు తప్ప ఇంకెవరికీ చాతకాదు. ఉరుకుందప్ప కూతురి కాళ్ళవైపు చూశాడు.

"మధ్యాన్నం దాకానే" అన్నాడు.

సొసైటీలో మూలపడి ఉన్న ఒక స్టాండు మగ్గం తీసుకున్నాం. మాల్‌లో గుంట తవ్వడానికి వీలు కాదు కదా. దాన్ని పడుగుతో సహా ట్రాలీ ఆటోలో వేసుకుని ముందురోజే కర్నూలు పోయాం. మగ్గం బిగించడం ఒక్క మనిషి వల్ల కాదు, అందుకే నేను తోడు వెళ్ళాను. అంతేగాక ఆ తమాషా చూడాలని నాకూ ఉండింది.

మెట్లు వాటంతట అవే పైకి పోయే చోటు ముందు మాకు స్థలం చూపించారు. ఒక పక్క లక్ష్మీదేవి బొమ్మ, ఇంకో పక్క ఫోటోలు దిగడానికి పూల చట్రం, మధ్యలో మగ్గం. పైన బ్యానరు: 'తరతరాల మన సంప్రదాయం - దీపావళి బంపర్ ఆఫర్'. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది. మా తరతరాలు ఇక్కడ ఎప్పుడు పనిచేశాయో నాకు గుర్తు లేదు.

నాగార్జున చెడ్డవాడు కాదు. డోన్ ఊరి పిల్లవాడు, మర్యాద తెలిసినవాడు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఏ పండుగకూ ఇంటికి పోలేదట. ఉరుకుందప్పకు జరీ తలపాగా, పట్టు చొక్కా ఇచ్చి, "పెద్దాయనా, ఇవి కట్టుకుంటే నిండుగా ఉంటాది" అన్నాడు.

"మగ్గం మీద తలపాగా యాడన్నా ఉండాదాప్పా? మెడ వంచితే జారి పడుగు మీద పడుతాది."

"వీడియోలో బాగుంటాది పెద్దాయనా."

కట్టుకున్నాడు. రెండుసార్లు జారింది. మూడోసారి శివాని వచ్చి పిన్నీసులు పెట్టింది.

పండుగరోజు పొద్దున మాల్‌లో జనం పలచగా ఉన్నారు. ఎవరి ఇళ్ళలో వాళ్ళు తలంటుకుంటున్నారు కాబోలు. ఉరుకుందప్ప హాయిగా నేశాడు. చూసేవాళ్ళు లేకపోతే అతని చెయ్యి ఇంకా బాగా ఆడుతుంది. ఊడ్చే ఆడమనిషి ఒకామె చీపురు ఆనించి నిలబడి చూసింది. ఆమె పుట్టిల్లు కూడా నేతవాళ్ళదేనట. ఆ కాసేపు నాకు కూడా బాగానే అనిపించింది, ఇదేమంత తప్పు పని కాదులే అనుకున్నాను.

మధ్యాహ్నం అన్నం తిని వచ్చాక అతను నన్ను అడిగాడు, "హనుమన్నా, వచ్చినాదా?"

ఫోనులో చూశాను. తిథి వచ్చిందని చెప్పాను. అతను నాడెను బట్ట మీద పక్కకు పెట్టి, మగ్గాన్ని ముట్టి కళ్ళకద్దుకుని, కిందికి దిగి నిలబడ్డాడు.

సరిగ్గా అప్పటి నుంచే జనం రావడం మొదలైంది. సాయంత్రం లక్ష్మీపూజకు కొత్తవి కొనేవాళ్ళు, కొన్నవి మార్చుకునేవాళ్ళు, పిల్లలను మెట్ల మీద ఎక్కించి దించడానికి వచ్చినవాళ్ళు. అందరూ మగ్గం చుట్టూ చేరి ఫోన్లు పైకెత్తి ఎదురు చూస్తున్నారు. ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు మావాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

నాగార్జున పరుగున వచ్చాడు. "పెద్దాయనా, ఇప్పుడు గదా జనం వచ్చేది? పొద్దున నుంచి ఎవరున్నారు ఈడ?"

"మధ్యాన్నం దాకానే అని చెప్పింటిమి గదప్పా."

"మా సారు పైనుంచి కెమెరాలో సూస్తాంటాడు. నా మాట పోతాది పెద్దాయనా." అతను కోప్పడలేదు, బతిమాలాడాడు. కోప్పడి ఉంటే పని తేలికయ్యేది.

శివాని కౌంటరు వదిలి వచ్చింది. తండ్రి ముఖం చూసింది, మేనేజరు ముఖం చూసింది. మధ్యలో నిలబడి కళ్ళల్లో నీళ్ళు తిప్పుకుంది. తర్వాత తండ్రి చెవి దగ్గర మెల్లగా చెప్పింది. పక్కనే ఉన్నాను కాబట్టి నాకూ వినిపించింది.

"నేసొద్దు నాయనా. నాడె తీసి పక్కన పెట్టు. ఉత్తదే ఆడించు. తాడు లాగు, పలక కొట్టు. సద్దొస్తే సాలు ఈళ్ళకు. నేసినట్టు గాదు గదా."

ఉరుకుందప్ప నావైపు చూశాడు, నేనేదో శాస్త్రం చెబుతానన్నట్టు. దారం లేకుండా ఆడిస్తే నేత కాదు, నిజమే. అది ఏమవుతుందో నాకూ తెలియలేదు.

"నేసినట్టు గాదులే" అని అతను నాడె తీసి పీట మీద పెట్టి మళ్ళీ మగ్గం ఎక్కాడు.

టకటక మొదలైంది. కాళ్ళు తొక్కుతున్నాయి, పడుగు పైకీ కిందికీ విడుతోంది, తాడు లాగితే చెక్క కొట్టుకుంటోంది, నేతను బిగించే పలక వచ్చి బట్టను తడుతోంది. అన్నీ ఉన్నాయి, అడ్డంగా పోయే పేక దారం ఒక్కటే లేదు. బట్ట ఉన్నచోటే ఉంది. ఒక తల్లి కొడుకును ముందుకు నెట్టి, "సూడు నాన్నా, మన చీరలు ఇట్లనే నేసేది" అని చెప్పింది. ఇద్దరు అమ్మాయిలు మగ్గానికి అటూ ఇటూ నిలబడి ఫోటో దిగారు. ఒకాయన "ఎంత ఓపిక పాపం" అన్నాడు. ఫోటోలయ్యాక అందరూ మెట్లెక్కి పైఅంతస్తులో మిషను చీరలు కొనుక్కోవడానికి పోయారు. నాడె కళ్ళెదురుగా పీట మీద ఊరికే పడి ఉంది. ఆ దారిన పోయినవాళ్ళలో ఒక్కరంటే ఒక్కరు కూడా, ఇదేంటయ్యా, బట్ట పెరగడం లేదే అని అడగలేదు. నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీద మండిందో చెప్పలేను. ఇన్నాళ్ళూ నడుం విరిచి మేము చేసిందీ, చేసినట్టు ఆడిందీ వీళ్ళకు ఒకటేనన్నమాట.

ఉండలేక టీ తాగడానికి బయటికి పోయాను. చీకటి పడుతోంది, టపాకాయలు మొదలయ్యాయి. తిరిగి వచ్చేసరికి మగ్గం ఆగి ఉంది. శివాని చెయ్యి పలక మీద ఉంది, గట్టిగా పట్టుకుని ఆపినట్టుంది.

"ఎంతసేపు పిలిసేది నాయనా? సాలని సారు అప్పుడే చెప్పినాడు. అరుస్తానే ఉండాను."

"వినపల్యామ్మా" అన్నాడు ఉరుకుందప్ప.

ఆ పిల్ల అది మామూలు మాటగానే తీసుకుంది. తలపాగా పిన్నీసులు విప్పి, నీళ్ళిచ్చి, హడావిడిగా వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమే ఆమెను బిల్లింగులో కూర్చోబెట్టారు. మేము బయటికి వచ్చేటప్పుడు అద్దంలోంచి కనిపించింది, కుర్చీలో కూర్చుని తల వంచి పనిచేసుకుంటోంది. ఉరుకుందప్ప కాసేపు నిలబడి చూశాడు. పిలవలేదు.

బస్సులో నేను ఏవేవో మాట్లాడాను. అతను కిటికీలోంచి టపాకాయల వెలుగు చూస్తూ కూర్చున్నాడు. కోడుమూరు దాటాక ఒక్క మాట అన్నాడు, "నేసనూ ల్యా, నిలపనూ ల్యా హనుమన్నా."

ఇంటి ముందర చౌడమ్మ ప్రమిదలు పెట్టి ఎదురు చూస్తోంది. "అమావాస్య వచ్చినంక నేసినావా?" అని అడిగింది.

"లేదు."

"పోనీలే, అమావాస్య దక్కిండాది."

"దక్కల్యా" అని అతను లోపలికి పోయి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఏమైందని చౌడమ్మ నన్ను అడిగింది. అలసిపోయాడులే అన్నాను.

కొన్నాళ్ళకు ఆ మాల్‌వాళ్ళు పండుగ వీడియో వదిలారు. శివాని నా ఫోనుకు పంపి నాయనకు చూపించమంది. ఉరుకుందప్ప అంగడికొస్తే జిరాక్సు మిషను ఆపి చూపించాను. పూలు, దీపాలు, చీరలు, నవ్వే ఆడవాళ్ళు, ఆ తర్వాత జరీ తలపాగాతో మగ్గం మీద మావాడు. వెనక సన్నాయి మోగుతోంది.

"సద్దు యాడప్పా?"

"మగ్గం సద్దు తీసేసి సన్నాయి పెట్టినారు."

"అదీ తీసేసినారా?" అని నవ్వాడు. ఆ సద్దు కోసమే కదా అతన్ని మళ్ళీ మగ్గం ఎక్కించింది. నాకు నవ్వు రాలేదు.

చూస్తున్నవాడు ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకున్నాడు. "నిలుపు. ఆ మూల సూడు, మా పాప."

జనం వెనక, పూల చట్రం అంచున, మాల్ వాళ్ళ చీరలో శివాని ఉంది. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని ఏదో అరుస్తోంది. ఇటు మగ్గం మీద తండ్రి తల ఎత్తకుండా తాడు లాగుతున్నాడు. వీడియో తీసినవాళ్ళు ఆమెను చూడలేదు కాబోలు, చూసి ఉంటే కోసేసేవాళ్ళు.

"ఆ పాట తీసేసేదానికి అవుతాదా?"

పాట ఆపేశాను. మళ్ళీ మొదటి నుంచి పెట్టాను. ఈసారి ఏ సద్దూ లేదు. అతను ఫోనును రెండు చేతులతో పట్టుకుని ముఖం దగ్గరికి తెచ్చుకున్నాడు. ఆ మూలలో ఆ పిల్ల నోరు తెరుచుకుంది, మూసుకుంది, మళ్ళీ తెరుచుకుంది. ఏమని పిలుస్తోందో తెలుసుకోవడానికి సద్దు అక్కర్లేదు.

ఉరుకుందప్ప తెర మీద నుంచి చూపు తిప్పకుండా, "ఏమ్మా?" అన్నాడు.